నూకరాజు పూర్వస్థితి

కర్రి నూకరాజుకి కడుపునొప్పి పోయింది. పోతే పోయింది, ఆ మాట నోరు తెరిచి పైకి అనేయడం అతను చేసిన తప్పు. పెద్దాసుపత్రి మగవాళ్ళ సర్జరీ వార్డులో, కిటికీ పక్క మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఇడ్లీలు లాగిస్తూ, రౌండ్సుకి వచ్చిన డాక్టరమ్మతో హుషారుగా చెప్పాడు.

"మేడంగారూ, నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందండీ. ఆయ్! ఇంక డిశ్చార్జి రాసిచ్చేయండి, ఇంటికెల్లిపోతాను."

ఆ డాక్టరమ్మ పేరు తేజస్విని. మత్తు విభాగంలో పై చదువు చదువుతోంది. చేతిలో రెండు కాగితాలున్నాయి, ఒకటి ఆపరేషనుకి ముందుది, ఒకటి ఆ పూటది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది. మొహం దిగాలు పడిపోయింది.

"మీరింకా కోలుకోలేదు నూకరాజుగారూ" అంది.

"అదేంటండీ! నొప్పి లేదంటన్నాను కదండీ!"

"అదేనండీ ఇబ్బంది. ఆపరేషనుకి ముందు మీ నొప్పి పదికి తొమ్మిది. ఇప్పుడు సున్నా. ముందు మీ పేరు చెప్పలేకపోయారు. ఇప్పుడు ఇంటిపేరుతో సహా చెబుతున్నారు. ముందు మీ ఆవిడని గుర్తుపట్టలేదు. ఇప్పుడు..." అంటూ మంచం కింద గిన్నెలు సర్దుకుంటున్న వీరవేణి వైపు చూసింది. "ఇప్పుడు పేరు పెట్టి పిలిచి మరీ చట్నీ అడుగుతున్నారు. ఒక్కటంటే ఒక్కటి కలవడం లేదు."

కలవకపోతే ఏమవుతుందో తెలియాలంటే ఆ ఆసుపత్రిలో జరుగుతున్న పరిశోధన గురించి కాస్త చెప్పుకోవాలి. మత్తిచ్చి కోసిన మనిషి పూర్తిగా కోలుకున్నాడని ఎప్పుడు అనాలి? లేచి కూర్చుంటేనా, అన్నం తింటేనా, పెళ్ళాం మీద విసుక్కుంటేనా? దీని మీద దేశదేశాల డాక్టర్లు జుట్టు పీక్కుంటున్నారట. మన మత్తు విభాగం పెద్ద ప్రొఫెసర్ ఆనందభూషణంగారు పీక్కోలేదు. పీక్కోడానికి ఆయనకి జుట్టు లేదు. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు: మత్తుకి ముందు మనిషి ఎలా ఉన్నాడో మత్తు తర్వాత అచ్చంగా అలాగే ఉంటే కోలుకున్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ ముక్క రాజధానిలో ఎవరికో తెగ నచ్చేసింది. పథకం మంజూరైంది. పథకంతో పాటు మిషన్లు వచ్చాయి, ప్రొఫెసరుగారి గదికి ఏసీ వచ్చింది, గుమ్మానికి ఇత్తడి బోర్డు వచ్చింది, కోలుకోని రోగిని ఇంటికి పంపరాదనే రూలు వచ్చింది. ముందున్నది జబ్బు కదా, మనిషి ఆసుపత్రికి వచ్చిందే అది వదిలించుకోడానికి కదా అని అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. అడిగితే ఏసీ పట్టుకుపోతారేమోనని అందరికీ భయం.

నూకరాజుది ఇంకో తద్దినం. అతను ఆర్టీసీ డ్రైవరు. పిత్తాశయంలో రాళ్ళు చేరి స్టీరింగ్ మీదే మెలికలు తిరిగిపోతుంటే, అతని కండక్టరు అబ్బులు ఆసుపత్రి గేటు దాకా వచ్చి హితబోధ చేశాడు. "మావా, పెద్దాసుపత్రిలో మంచం దొరకాలంటే నొప్పుంటే చాలదు, నొప్పి ఆళ్ళకి కనపడాలి. పేరడిగితే తెల్దను. అక్కని సూపిస్తే ఎవరీవిడ అను. కింద పడి పొర్లు. సిగ్గుపడ్డావో, వరండాలో పడేత్తారు." అబ్బులు సలహా ఊళ్ళో అందరూ పాటించేదే. ఆ ఆసుపత్రిలో ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడికి చాప, రెండింతలు చేసి చెప్పినవాడికి మంచం. నూకరాజు నాలుగింతలు చేశాడు. పరుపున్న మంచమే దొరికింది. అతను పొర్లుతున్నంతసేపూ పక్కనే నిలబడి తేజస్విని ప్రతి పొర్లూ రాసుకుంది. అదే అతని పూర్వస్థితి అయి కూర్చుంది.

"ఎప్పటికి కోలుకుంటానండి మరి?" అన్నాడు నూకరాజు, గొంతులో ఇడ్లీ అడ్డం పడుతుండగా.

"మీకు మళ్ళీ నొప్పి వచ్చాక."

వీరవేణి గిన్నె నేలకేసి కొట్టింది. ఆవిడకి కోపం రావడంలో తప్పులేదు. సిక్ లీవు దగ్గరపడుతోంది. లీవు అయ్యేలోపు ఫిట్ సర్టిఫికెట్టు పట్టుకెళ్ళి డిపోలో ఇవ్వకపోతే మొగుణ్ణి స్టీరింగ్ మీంచి దింపేసి గ్యారేజీలో బస్సులు కడిగే పనికి వేస్తారు. అలా ఒకసారి దిగినవాడు మళ్ళీ ఎక్కింది లేదు. నూకరాజుకి బస్సు తోలడం ఉద్యోగం కాదు, పిచ్చి. ఇంట్లో అన్నం తింటూ కూడా ఎడంకాలితో క్లచ్ తొక్కుతుంటాడు. స్టీరింగ్ లేని మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఎలా వేగాలో వీరవేణికి తెలియలేదు.

"పక్క మంచమాయన్ని నిన్న పంపేసారు కదండీ! ఆయనకేటైనా తగ్గిందా?" అని డాక్టరమ్మని నిలదీసింది.

తగ్గలేదు. పక్క మంచం సూర్యచంద్రానికి గిలక జారిందని, అదే హెర్నియా అని, ఆపరేషను చేశారు. వేసిన కుట్టు రెండోనాడే ఊడింది. పాపం, చేరిన రోజు ఎలా మూలిగాడో అలాగే మూలిగాడు, ఎలా వంగి నడిచాడో అలాగే వంగి నడిచాడు. రెండు కాగితాలూ గీత గీసినట్టు కలిశాయి. ప్రొఫెసరుగారు స్వయంగా వచ్చి దండ వేశారు, ఫొటో తీయించుకున్నారు. మూలుగుతూనే స్ట్రెచర్ మీద గేటు దాటిన ఆ సూర్యచంద్రం, ఆ పథకంలో సంపూర్ణంగా కోలుకున్న రోగిగా రికార్డుకెక్కాడు.

మర్నాడు ప్రొఫెసర్ ఆనందభూషణంగారే పరివారంతో వార్డుకి దయచేశారు. కోసిన సర్జన్ ప్రకాశరత్నాన్ని కూడా వెంటబెట్టుకొచ్చారు, దోషిని తెచ్చినట్టు. నూకరాజు మంచం ముందు నిలబడి, జేబులో చేతులు పెట్టుకుని, పైకప్పుకేసి చూస్తూ ఉపన్యాసం అందుకున్నారు.

"ఈ రోగి విషయంలో తీవ్ర విచలనం మా దృష్టికి వచ్చింది. పూర్వస్థితి నుంచి ఇతను చాలా దూరం జరిగిపోయాడు. ఇటువంటివాటిని ఉపేక్షిస్తే పథకం యొక్క విశ్వసనీయత ఏం కావాలి?"

"సార్, జరిగింది మంచివైపే కదా" అన్నాడు ప్రకాశరత్నం నెమ్మదిగా. "నొప్పి పోగొట్టడానికే కోశాను. పోయింది. నొప్పి పోవడాన్ని మెరుగుదల అంటాం మేము."

"మెరుగుదల కూడా విచలనమే!" ప్రొఫెసరుగారి నున్నటి తల ఎర్రబడింది. "ఇటు తప్పినా తప్పడమే, అటు తప్పినా తప్పడమే. శాస్త్రానికి రాగద్వేషాలుండవు డాక్టర్! చాలాకాలంగా గమనిస్తున్నాను. మీ సర్జరీవాళ్ళు లోపల ఇష్టం వచ్చినట్టు బాగుచేసేసి మా ఫలితాలు పాడుచేస్తున్నారు. ఇకపై మీరు చేసే ఏ మేలుకైనా మా విభాగం ముందస్తు అనుమతి తీసుకోవలసి ఉంటుంది."

 ప్రకాశరత్నానికి బదిలీ గండం ఉంది. నూకరాజు కళ్ళలోకి చూడలేక, మంచం మీద దుప్పటి సరిచేస్తున్నట్టు నటించి వెళ్ళిపోయాడు.

"నువ్వు కూడా నటించయ్యా!" అంది వీరవేణి, వాళ్ళు వెళ్ళగానే. "అయ్యేళ ఎంత బాగా సేసావు! నిజంగానే నేనెవరో మర్సిపోయావేమోనని నాకే గుండె గుబేలుమంది. మళ్ళీ అదే సెయ్యి. ఎవరమ్మా నువ్వు అను, కింద పడి పొర్లు, సర్టిఫికెట్టిచ్చేత్తారు, పోదాం."

నూకరాజు సరేనన్నాడు. తేజస్విని మిషన్లు తగిలించి, కాగితం పట్టుకుని సిద్ధంగా నిలబడింది. ఆ పిల్లకీ ఈ పీడ వదిలిపోతే చాలుననే ఉంది. నూకరాజు కళ్ళు తేలేశాడు, పొట్ట పట్టుకున్నాడు, పెళ్ళాం కేసి చూసి, "ఎ... ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగలేదు. కిసుక్కున నవ్వింది. దాంతో అతనూ పకపకా నవ్వేశాడు. వార్డు వార్డంతా నవ్వింది. నటన వెనక కాస్తయినా నొప్పి ఉండాలి కదా, అది కాస్తా పోయె. మిషను మీద బీపీ కుర్రాడి బీపీలా ఉంది. ఈ సంగతి ప్రొఫెసరుగారికి తెలిసి, పరిశోధనలో నాటకాలు సహించేది లేదని నోటీసు అంటించారు. అదే చేత్తో, రోగిని శాస్త్రీయ పద్ధతిలో పూర్వస్థితికి తీసుకురావడానికి ఒక పునరుద్ధరణ కమిటీ వేశారు.

కమిటీవాళ్ళు తక్కువవాళ్ళు కారు. ఈ మనిషికి మొదట నొప్పి దేనివల్ల వచ్చిందని ఆరా తీశారు. మేనల్లుడి పెళ్ళిలో మిరపకాయ బజ్జీలు తిన్న రాత్రి మొదలైందని తేలింది. వెంటనే ఆసుపత్రి వంటశాలకి ఆర్డరు వెళ్ళింది. పథ్యం తిండి ఆపేసి పూటపూటకీ నూనె ఓడే బజ్జీలు తెచ్చి పెట్టారు. నూకరాజు అవి తిని, అరిగించుకుని, ఉల్లిపాయ ముక్కలు లేవా అని అడిగాడు. నిద్ర లేకుండా చేద్దామని పక్కన రేడియో పెట్టారు. బస్సు ఇంజను పక్కన నిద్రపోయి అలవాటైన మనిషి, రేడియోకి హాయిగా గుర్రు పెట్టాడు. ఇంక లాభం లేదనుకున్న కమిటీ, సమస్య మూలంలోకి వెళ్ళాలని తీర్మానించింది.

మూలం వీరవేణి దగ్గరే ఉంది. తీసిన రాళ్ళని ఆసుపత్రివాళ్ళే చిన్న సీసాలో వేసి ఆవిడ చేతికిచ్చారు. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆవిడ ఆ సీసా ఊపి చూపించి, వాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటే చూసి సంతోషించేది. ఆ రోజు ఆవిడ తన ఆడపడుచుకి చూపిస్తుండగా కమిటీ నలుగురూ వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు.

"అమ్మా, ఆ సీసా ఒకసారి ఇలా ఇప్పించండి" అన్నారు ప్రొఫెసరుగారు.

"సూడండి, సూడండి. ఎంతేసున్నాయో!" అని ఆవిడ గర్వంగా ఇచ్చింది.

ఆయన సీసా వెలుగుకి ఎత్తి పట్టి, తల పంకించి, గొంతు సవరించుకున్నారు. "కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించింది. పూర్వస్థితిలో ఇవి రోగి లోపల ఉండేవి. ప్రస్తుతం బయట ఉన్నవి. కావున వీటిని యథాస్థానంలో పునఃప్రతిష్ఠించుట మినహా మార్గాంతరం లేదు. రేపు ఉదయం రోగి ఏమీ తినరాదు."

ఆ మాట నూకరాజు బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక మాత్రం ఒక్క ఉదుటున మంచం మీంచి లేచాడు. మొహం కందగడ్డ అయింది. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. సీసా లాక్కుని నేలకేసి కొడితే, కాలి కింద రాయి పడి, జారి, కింద పడ్డాడు. పడ్డవాడు కుట్ల దగ్గర కలుక్కుమని అరుస్తూ నేల మీద దొర్లాడు.

"రాళ్ళు పెడతారా? నా కడుపులో రాళ్ళు పెడతారా మీ దుంపతెగ! తియ్యడానికి రమ్మంటే తిరిగి పెడతారా! మనుషులా మీరు, రాచ్చసులా!"

వీరవేణి ఆపబోతే, "ఎవత్తివే నువ్వు, నన్నాపడానికి! పో అవతలికి!" అన్నాడు.

"మీ పేరు చెప్పండి, మీ పేరు!" తేజస్విని హడావిడిగా అడిగింది.

"నా పేరు మీ తాత పేరు!"

డాక్టరమ్మ చకచకా రాసుకుంది. నొప్పి తొమ్మిది. పేరు చెప్పలేదు. భార్యని గుర్తుపట్టలేదు. నేల మీద పొర్లుట, ఎడమ నుంచి కుడికి. బీపీ సరిగ్గా చేరిన రోజుదే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సార్, కోలుకున్నాడు సార్!"

కమిటీ చప్పట్లు కొట్టింది. నూకరాజు తిట్లు ఇంకా పూర్తి కాకుండానే మెళ్ళో దండ పడింది, ఫొటో తీశారు, సర్టిఫికెట్టు చేతిలో పెట్టి గేటు దాటించారు.

డిపో మేనేజరు మంచివాడే. నూకరాజుని చూడగానే లేచి భుజం తట్టాడు. సర్టిఫికెట్టు తీసుకుని పైకి చదివాడు. చదివేకొద్దీ గొంతు సన్నగిల్లింది. "పై వ్యక్తి సంపూర్ణంగా కోలుకున్నాడని ధ్రువీకరించడమైనది. ప్రస్తుతం ఇతనికి భరించరాని నొప్పి ఉన్నది. తన పేరు చెప్పలేడు. భార్యను గుర్తించలేడు. అకస్మాత్తుగా నేల మీద పొర్లును."

"రాజూ, యాభై మందిని నీ చేతిలో పెట్టమంటావా నన్ను?" అన్నాడు.

"అదంతా అబద్ధమండీ బాబూ! నేను సుబ్బరంగా ఉన్నానండి. కావాలంటే నా పేరడగండి!"

"నాకు తెలుసయ్యా నువ్వు బాగున్నావని. నేను చూసిందానికి విలువ లేదు, వాళ్ళు రాసిందానికి ఉంది. పెద్ద ప్రొఫెసరు సంతకం! రేపు ఏదన్నా జరిగితే నా మెడకి చుట్టుకుంటుంది. లీవు అయ్యేలోపు బాగున్నానని రాయించుకురా. లేదంటే గ్యారేజీకి పంపక తప్పదు, ఏమనుకోకు."

నూకరాజు డిపో ఆవరణలో తన బస్సు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఎవరో కొత్తవాడు దాన్ని రివర్సు చేస్తున్నాడు, గేరు గరగరలాడిస్తూ. ఆ చప్పుడు నూకరాజు పళ్ళ మధ్య ఇసుకలా తగిలింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని పెళ్ళాన్ని తీసుకుని మళ్ళీ ఆసుపత్రికే బయల్దేరాడు.

ప్రొఫెసరుగారు ఏసీ గదిలో వాళ్ళని సాదరంగానే కూర్చోబెట్టారు. అంతా విని చిరునవ్వు నవ్వారు.

"కోలుకున్నవాణ్ణి మళ్ళీ కోలుకోనివ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. మీ కేసు ముగిసింది. మీరు బాగున్నారని నేను రాయాలంటే ఒకటే దారి. బాగున్న మనిషిగా వచ్చి చేరండి. బాగున్నారని మీ పూర్వస్థితి నమోదు చేసుకుంటాం. మత్తిచ్చి ఏదో ఒక ఆపరేషను చేస్తాం. తిరిగి బాగున్న స్థితికి వచ్చారా, బాగున్నారని రాసిస్తాం."

"ఏం ఆపరేషనండీ?" అన్నాడు నూకరాజు. అతని మనసు అప్పటికే సగం ఒప్పేసుకుంది. మనిషికి స్టీరింగ్ మీద అంత ఆశ ఉంటే బుర్ర ఇలాగే పనిచేస్తుంది.

"అది మీ ఇష్టం. మీకు ఏది అక్కర్లేదో ఆలోచించుకోండి. అపెండిక్సు చాలామంది ఇస్తారు."

ఇంతసేపూ బిగబట్టుకున్న వీరవేణి లేచి నిలబడింది. కొంగు నడుముకి దోపింది.

"ఏవండీ పెద్ద డాక్టరుగారూ! నొప్పి లేని మనిషిని పడుకోబెట్టి కోత్తారా? కోసాక కుట్లు నొప్పెట్టవా? నొప్పి లేదని సేరినోడు నొప్పితో లెగుత్తాడు. మళ్ళీ మీ కాయితాలు కలవవు. మళ్ళీ కోలుకోలేదంటారు. మళ్ళీ కోత్తారు. అలా కోసుకుంటా పోతే మనిషి మిగులుతాడా, సొక్కా గుండీలు మిగులుతాయా? అంతకాడికి కొయ్యడమెందుకు, ఒట్టి మత్తిచ్చి లేపండి! సరిపోద్ది! సిగ్గుండాలి!"

ఆవిడ తిట్టానని అనుకుంది. ప్రొఫెసరుగారు మాత్రం కుర్చీలో ముందుకి వంగారు.  "ఒట్టి మత్తిచ్చి... లేపడం" అని గొణిగారు. మెల్లగా లేచారు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి వీరవేణికి రెండు చేతులూ జోడించారు. 

"అమ్మా! ఇన్నేళ్ళుగా మా కళ్ళకి పొరలు కమ్మాయమ్మా. మత్తులో లోపం లేదు. రోగులలో లోపం లేదు. కోలుకోవడానికి అడ్డు పడుతున్నది ఒక్కటే, అది ఆపరేషను!"

మర్నాడే నూకరాజుని చేర్చుకున్నారు. నొప్పి సున్నా, పేరు కర్రి నూకరాజు, భార్య వీరవేణి అని రాసుకున్నారు. బల్ల మీద పడుకోబెట్టి, మత్తిచ్చి, చుట్టూ నిలబడి, ఏమీ చేయకుండా కాసేపు చూసి లేపారు. లేచాడు. కాస్త నోరు ఆరింది, ఒకసారి వాంతి వచ్చినట్టయింది, అంతే. పేరు చెప్పాడు, పెళ్ళాన్ని గుర్తుపట్టాడు. ఫిట్ సర్టిఫికెట్టు మెరిసిపోతూ వచ్చింది. లీవు అయ్యే రోజుకి డిపోలో ఇచ్చాడు. మేనేజరు తాళాలిచ్చాడు. నూకరాజు సీట్లో కూర్చుని, ఎవరూ చూడకుండా స్టీరింగుని ముద్దు పెట్టుకున్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! కానీ పెద్దవాళ్ళకి ఒక మంచి ఆలోచన వచ్చిందంటే అది ఒక్క మనిషితో ఆగదు. ప్రొఫెసరుగారు నూకరాజు ఉదంతాన్ని పెద్ద సభలో చదివారు. సభలో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఆ వారంలోనే ఆసుపత్రికి కొత్త ఉత్తర్వు వచ్చింది. కత్తులు బీరువాల్లో పెట్టి తాళం వేశారు. ప్రకాశరత్నాన్ని ఎక్కడో మన్యంలోకి బదిలీ చేశారు. రాళ్ళున్నవాళ్ళు, గడ్డలున్నవాళ్ళు, గిలక జారినవాళ్ళు, ఎవరొచ్చినా పడుకోబెట్టి మత్తివ్వడం, లేపడం. నొప్పితో పడుకున్నవాడు నొప్పితోనే లేచేవాడు. కాగితాలు నూటికి నూరు కలిసేవి. ఆసుపత్రికి బహుమతి మీద బహుమతి. గేటు పక్కన నిలువెత్తు బోర్డు పెట్టారు. బోర్డు మీద నూకరాజు ఫొటో, నవ్వుతూ, కింద పెద్ద అక్షరాలతో "నేను ఇక్కడే కోలుకున్నాను" అని.

నూకరాజు రూటు ఆ గేటు ముందు నుంచే. రోజూ పొద్దున పల్లెల్లో ఎక్కినవాళ్ళు పొట్టలు పట్టుకుని ఆ స్టాపులో దిగేవారు. తిరుగు ట్రిప్పులో అవే పొట్టలు పట్టుకుని, మెళ్ళో దండలతో ఎక్కేవారు. మొదట్లో అతను పట్టించుకోలేదు. బండి తోలడంలో పడి అసలు వెనక్కి చూడలేదు. చూడాల్సి వచ్చింది అప్పాయమ్మ వల్ల.

అప్పాయమ్మ ముసలిది. చేపలమ్ముకునే మనిషి. డ్రైవరు వెనక సీట్లో కూర్చునేది. ఆవిడకీ పిత్తాశయంలో రాళ్ళే. ఇప్పటికే రెండుసార్లు కోలుకుంది. ఆ రోజు పొద్దున మూడోసారి కోలుకోడానికి వెళ్తూ, సీటు కడ్డీ పట్టుకుని మెలికలు తిరుగుతూ, అద్దంలో అతని మొహం పోల్చుకుంది.

"బాబూ, ఆ బోర్డు మీద బొమ్మ నీదే కదా? నిన్ను సూసే నేనా ఆసుపత్రికెల్లాను నాయనా. నీకు తగ్గిందంటే నాకూ తగ్గుద్దనుకున్నాను. నాకెందుకు తగ్గట్లేదయ్యా? నేనేదన్నా తప్పు సేత్తన్నానా?"

నూకరాజు అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు. ఆవిడ మూలుగు తనకి బాగా తెలిసిన మూలుగు. మొదట్లో స్టీరింగ్ మీద తను మూలిగింది అదే. తనకి కోసి తీశారు కాబట్టి పోయింది. ఆ కోతే లేకుండా చేసింది ఎవరు? తన ఫొటో కాదా? తన సర్టిఫికెట్టు కాదా? తన సీటు కోసం కాదా ఇదంతా? ఒంట్లో సిగ్గు నిప్పులా పాకింది. తన మీద తనకి, ఆ ఏసీ గది మీద, ఆ ఇత్తడి బోర్డు మీద ఎక్కడలేని అసహ్యం వేసింది.

ఆసుపత్రి గేటు కనిపించింది. బోర్డు మీద తన మొహం ఇకిలిస్తోంది. అబ్బులు ఈల వేశాడు. "హాస్పిటలూ, హాస్పిటలూ, దిగేవాళ్ళు రండి!" జనం మూలుగుతూ లేచి గుమ్మం దగ్గరికి జరిగారు. నూకరాజు బ్రేకు మీద కాలు వేయలేదు. గేరు మార్చాడు. బస్సు గేటు దాటి ముందుకు దూసుకుపోయింది.

"మావా! స్టాపు! స్టాపు దాటేసావు!" అబ్బులు ఈల మీద ఈల వేస్తూ ముందుకి పరిగెత్తుకొచ్చాడు. "బస్సు కాంప్లెక్సు కూడా దాటేత్తన్నావేంటి? రూటు తప్పితే సస్పెండు సేత్తారు! ఈసారి సీటు ఎగిరిపోద్ది, తెలుత్తందా నీకు?"

"తెలుత్తంది. కూర్చో."

 నూకరాజు స్టీరింగ్ తిప్పాడు. ఊరు దాటి పెద్దరోడ్డు ఎక్కాడు. బస్సులో కేకలు, తిట్లు, ఏడుపులు. అప్పాయమ్మ కడ్డీ వదిలి అతని సీటు వెనక రేకు పట్టుకుంది.

"ఎక్కడికి తీసుకుపోతన్నావు బాబూ మమ్మల్ని?"

"పక్క జిల్లా ఆసుపత్రికమ్మా" అన్నాడు నూకరాజు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "అక్కడ ఇంకా పరిశోధన మొదలెట్టలేదంట."